ఎ-విటమిను మందు: ఎవరికి ఏ రూపము?

ఎ-విటమిను మందు కావలెనని అంగడికి పోయిన రైతునకు ఈ దినములలో ఒక్క సీసా గాక నాలుగైదు విధముల సరకు చూపుదురు. పచ్చని నూనె యొకటి, మెత్తని గుళిక యొకటి, పొడిమాత్ర యొకటి, నీటిలో కలియు చుక్కల మందొకటి; ఇవి గాక చేపకాలేయపు నూనె. అన్నిటి అట్టలమీదను ఎ-విటమిను అను పేరే యుండును. అట్టి తావున ధర చూచి చౌకదానిని గాని, అంకె చూచి పెద్దదానిని గాని కొనుట సహజము. కాని యీ రూపములు పేరున నొక్కటియే గాని, శరీరమున చేయు పనిలోను తెచ్చు అపాయములోను ఒక్కటి కావు. రేచీకటి పట్టిన పసివాని చూపును నిలుపు మందే, అదే మోతాదున నెల తప్పిన కోడలికి ఇచ్చినచో గర్భమందలి శిశువునకు కీడు చేయగలదు. చుట్ట త్రాగు తాతకు బలమని తెచ్చిన వేరొక రూపము ఆయన ఊపిరితిత్తులకు మేలు చేయకపోగా హాని కలిగింపవచ్చును. కావున "ఎన్ని యూనిట్లు?" అని అడుగుటకు ముందు "ఏ రూపము? ఎవరికి?" అని అడుగవలసియున్నది.

ఈ భేదమును గ్రహించుటకు వైద్యగ్రంథములకంటె ముందుగా మన కొట్టములోని పశువులను చూచుట మేలు. ఆవునేయి పచ్చగా నుండును, గేదెనేయి తెల్లగా నుండును. రెంటికిని వేయు మేత యొక్కటే. పచ్చగడ్డిలో కెరోటిన్ అను పసుపువన్నె పదార్థము విస్తారముగా కలదు. ఆకుపచ్చదనము కప్పివేయుటచే అది మన కంటికి కానరాదు. ఆవు తాను తిన్న కెరోటినులో కొంత ఎ-విటమినుగా మార్చుకొని, కొంత మార్చకయే పాలలోని వెన్నకు పంపును. ఆ వెన్నకు పసుపు రంగు అందుచేత వచ్చినది. గేదె యించుమించు అంతయు మార్చివేయును. మారిన విటమినునకు చెప్పుకొనదగినంత రంగు లేదు గనుక గేదెవెన్న తెల్లగా నుండును. తెల్లని నేతిలో సత్తువ లేదని కొందరు పెద్దలు చెప్పుచుందురు. ఎ-విటమిను మట్టుకు ఆ మాట సరికాదు. ఆవునేతిలో ముడిసరకును తయారైన సరకును కలిసియున్నవి, గేదెనేతిలో తయారైన సరకే యున్నది. అంతియే.

అంగడిలోని మందులును ఈ రెండు తెగలలో చేరినవే. తయారైన సరకునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రెటినాల్. అది గాలికిని వెలుతురునకును త్వరగా చెడునది గనుక, నిలువ యుండుటకై దానిని కొవ్వు ఆమ్లముతో గాని ఎసిటిక్ ఆమ్లముతో గాని కూర్చి, రెటినైల్ పామిటేట్, రెటినైల్ ఎసిటేట్ అను రూపములలో అమ్ముదురు. ఈ రెంటిలో ఏది మేలని కొందరడుగుచున్నారు. లోనికి పోయిన పిదప రెండును విడిపోయి రెటినాలే యగును. కావున వాని నడుమ ఎన్నికకు పనిలేదు. పామిటేట్ అను పేరు చూచి అది మన పామాయిలు తోటల సరకని భ్రమపడరాదు. పామాయిలునకు సహజమైన ఎఱ్ఱదనము వేఱు, దాని సంగతి ముందు వచ్చును. ముడిసరకు తెగకు చెందినది బీటా కెరోటిన్. నిజమైన ఎన్నిక రెటినాల్ తెగకును బీటా కెరోటిన్ తెగకును నడుమనే.

ఈ రెండు తెగల చుట్టఱికమును కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు పదునేడేండ్లు పట్టినది. 1913వ సంవత్సరమున అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెక్‌కాలమ్, మార్గరీట్ డేవిస్ అనువారు, వెన్నలోను గ్రుడ్డుసొనలోను ఎలుకల పెరుగుదలకు తప్పనిసరియైన యొక పదార్థము కలదని కనిపెట్టిరి. 1919లో స్టీన్‌బాక్ పచ్చ మొక్కజొన్నలో ఆ గుణముండుటయు, తెల్ల మొక్కజొన్నలో లేకుండుటయు చూచి, పసుపు రంగునకు దీనికి సంబంధమున్నదని తలంచెను. కాని రంగు లేని పదార్థములు కొన్ని పచ్చనివానికంటె ఎక్కువగా పనిచేయుట చిక్కుముడిగా నిలిచెను. 1930లో కేంబ్రిడ్జిలో థామస్ మూర్, ఎ-విటమిను లేని ఆహారముతో పెంచిన ఎలుకలకు కెరోటిన్ తినిపించి, వాని కాలేయములలో ఎ-విటమిను చేరుటను చూపెను. ఆవు, గేదె యుగయుగములుగా చేయుచున్న పని యిట్లు ప్రయోగశాలలో ఋజువైనది.

ఇక అపాయము. మన శరీరము కెరోటినును తనకు కావలసినంత మేరకే విటమినుగా మార్చుకొనును. మిగిలినది చర్మమున చేరి అరచేతులు, అరికాళ్లు పచ్చబారును. కామెర్లని భయపడనక్కఱలేదు, కామెర్లలో తెల్లగ్రుడ్డు పచ్చబారును, ఇందు తెల్లగనే యుండును. కెరోటిన్ ఎక్కువైనంత మాత్రమున ఎ-విటమిను విషము పుట్టదు. తయారైన రెటినాలునకు అట్టి కాపలా లేదు. తిన్నదంతయు దాదాపుగా లోనికి పోయి కాలేయమున నిలువ చేరును. బయటికి పోవు దారి కడు ఇఱుకు. గాదె నిండిన పిదప పొర్లిన సరకు తలనొప్పి, వాంతులు, చర్మము పొట్టు లేచుట, వెంట్రుకలు రాలుట, ఎముకల నొప్పులు మొదలగు రూపములలో బయటపడును. తుదకు కాలేయమే చెడవచ్చును. పసిబిడ్డలలో మాడు ఉబ్బుట యొక గుర్తు. ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోయిన అన్వేషకులు తెల్ల ఎలుగుబంటి కాలేయము తిని యీ బాధలన్నియు పడిరి. మద్యపానము చేయువారి కాలేయమునకు ఈ భారము మఱింత హానికరము.

కొలత తెలియనిదే జాగ్రత్త పడుట సాధ్యము కాదు. అట్టలమీద కొన్ని తావుల అంతర్జాతీయ యూనిట్లును, కొన్ని తావుల మైక్రోగ్రాములును వ్రాయుదురు. రెటినాల్ విషయమున 1 యూనిట్ అనగా 0.3 మైక్రోగ్రాము, కావున 10,000 యూనిట్లనగా 3,000 మైక్రోగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన పట్టిక ననుసరించి పెద్దవయసు పురుషునకు దినమునకు 1,000, స్త్రీకి 840, గర్భవతికి 900, 1 నుండి 3 ఏండ్ల బిడ్డకు 390 మైక్రోగ్రాములు కావలెను. పెద్దలకు తయారైన రూపమున దినమునకు 3,000 మైక్రోగ్రాములు మించరాదని సాధారణముగా అంగీకరింపబడిన హద్దు. అనగా 10,000 యూనిట్ల గుళిక ఒక్కటి మ్రింగిన దినమున హద్దు అంచున నిలిచినట్లే. కెరోటినునకు లెక్క వేఱు: నూనెలో కరిగించిన మందురూపమున 2 మైక్రోగ్రాములును, ఆకుకూరలు కాయగూరలలో నున్నచో 12 మైక్రోగ్రాములును 1 మైక్రోగ్రాము రెటినాలుతో సమానము. అట్టపై "బీటా కెరోటిన్ రూపమున" అని యున్నదా, "రెటినైల్" అని యున్నదా, రెండును కలిసియున్నవా అని చూడక అంకెలను పోల్చుట, కుంచముతో కొలిచినదానిని మానికతో కొలిచినదానితో పోల్చుట వంటిది.

నూనెమందా, నీటమందా అను ప్రశ్న దీని తరువాతిది. ఎ-విటమిను సహజముగా కొవ్వులో కరుగునది. నూనెలో కరిగించిన మందును భోజనముతో తీసికొనుట మామూలు పద్ధతి. కాలేయము, పైత్యకోశము చెడినవారికి, దీర్ఘకాలపు విరేచనములచే కొవ్వు జీర్ణము కానివారికి వైద్యులు నీటిలో కలియు రూపమును వ్రాయుదురు. అది వారికి తగిన మందే. కాని "నీటమందు త్వరగా వంటబట్టును గనుక అందఱికిని మేలు" అని అమ్మువారు చెప్పుమాట సగమే నిజము. త్వరగా వంటబట్టునది త్వరగా విషమించును కూడ. 2003లో ప్రకటితమైన యొక సమీక్షలో, నీటిలో కలియునవి, పాలవలె చిలికినవి, పొడిరూపమైనవి నూనెరూపముకంటె సుమారు పదవవంతు మోతాదుననే విషలక్షణములు కలిగించినట్లు తేలినది. ఆరోగ్యవంతునకు నూనెరూపమే క్షేమము. సూదిమందు సంగతి తలక్రిందులు: నోట మందు నిలువనంత వాంతులున్నప్పుడు నీటిలో కలియు రూపమునే కండలోనికి ఎక్కింతురు; నూనెరూపమును సూదితో ఎక్కించినచో అది కండలోనే నిలిచిపోయి మెల్లగా గాని విడువదు. ఇది వైద్యుని పని, మనది కాదు.

గర్భవతుల విషయము అన్నిటికంటె ముఖ్యము. 1995లో అమెరికాలో 22,748 మంది గర్భవతుల వివరములు సేకరించి ప్రకటించిన పరిశీలనలో, దినమునకు 10,000 యూనిట్లకు మించి తయారైన ఎ-విటమినును మందురూపమున తీసికొన్నవారి బిడ్డలలో పుట్టుకలోపములు ఎక్కువగా కనబడినవి. తల, ముఖము, గుండె ఏర్పడు తొలి నెలలే అపాయకాలము. చాలమందికి తాము గర్భవతులమని తెలియు నాటికే ఆ కాలము కొంత గడచిపోవును. కావున బిడ్డను కోరుచున్న స్త్రీ కూడ ఈ జాగ్రత్త పాటింపవలెను. బలమునకని రెండు మూడు రకముల మాత్రలు కలిపి మ్రింగుట, వానికి తోడు చేపకాలేయపు నూనె త్రాగుట వలన, తెలియకయే హద్దు దాటుదురు. రక్తము పట్టునని గర్భవతికి తఱచుగా కార్జము వండిపెట్టు ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. కార్జము రెటినాలునకు నిలువగాదె. గర్భకాలమున దానిని మానుట మంచిది. మొటిమలకు వాడు ఐసోట్రెటినాయిన్ అను మాత్ర ఎ-విటమిను కుటుంబమునకు చెందినదే. దానిని వాడుచు గర్భము ధరించుట మహాపాయము, దానితో ఎ-విటమినును కలుపుటయు తగదు.

అట్లని గర్భవతికి ఎ-విటమిను అక్కఱలేదని కాదు. కడపటి నెలలలో దీపము పెట్టు వేళకు కన్ను కానరాకుండుట కొందఱిలో కలదు. అది ఆమె గాదె అడుగంటినదనుటకు గుర్తు. సిగ్గుపడి దాచక ఆరోగ్యకేంద్రమున చెప్పవలెను. అట్టివారికి దినమునకు 10,000 యూనిట్లకు గాని, వారమునకు 25,000 యూనిట్లకు గాని మించకుండ చిన్న మోతాదులు వైద్యులు ఇత్తురు. పిల్లల సీసానుండి రెండు చెంచాలు పోసి యిచ్చుట కూడదు.

గర్భవతికి కెరోటిన్ క్షేమమన్నారు గదా, ఇంటిల్లిపాదికిని అదే కొందమని తోచవచ్చును. ఇచ్చట పొగాకు అడ్డము వచ్చుచున్నది. పొగత్రాగువారి ఊపిరితిత్తుల పుట్టకురుపును బీటా కెరోటిన్ ఆపునేమో యను ఆశతో ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగు పురుషులపై పరీక్ష జరిపిరి. దినమునకు 20 మిల్లీగ్రాముల చొప్పున 5 నుండి 8 ఏండ్లు మ్రింగిన వారిలో ఆ వ్యాధి తగ్గుటకు మాఱుగా సుమారు 18 శాతము పెరిగినదని 1994లో ప్రకటించిరి. అమెరికాలో పొగత్రాగువారికిని, రాతినార పనివారికిని 30 మిల్లీగ్రాముల బీటా కెరోటినును 25,000 యూనిట్ల రెటినైల్ పామిటేటును కలిపి యిచ్చిన పరీక్షలో 28 శాతము పెరుగుట చూచి, 1996 జనవరిలో దానిని నడుమనే ఆపివేసిరి. ఆ పరీక్షలు ముఖ్యముగా సిగరెట్టు త్రాగువారిపై జరిగినవి. చుట్ట, బీడి, మన ఉత్తరకోస్తా స్త్రీల అడ్డపొగ అందు లేవు. ఐనను వానిని క్షేమమని యెంచుటకు కారణమేమియు లేదు. పొగత్రాగువారు బీటా కెరోటిన్ గుళికలు మ్రింగరాదు. ఆకుకూరలు, పండ్లు తినుటకు వారికి ఎట్టి అడ్డును లేదు. ఆహారమందలి కెరోటినునకు ఈ దోషము తగులలేదు.

పిల్లలకు వాడు మందు ఎప్పుడును తయారైన రూపమే, నూనెలో కరిగినదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారమున కేంద్ర ప్రభుత్వము 1970లో ఈ పథకమును ఆరంభించినది. 9 నెలలకు తట్టు టీకాతోపాటు 1 మిల్లీలీటరు, అనగా 1 లక్ష యూనిట్లు. ఆ పిదప ఏడాదిన్నర ప్రాంతము మొదలుకొని ఆరు నెలలకొకమాఱు 2 మిల్లీలీటర్లు, అనగా 2 లక్షల యూనిట్లు. 5 ఏండ్లు నిండులోగా 9 మార్లు. పెద్దలకు 10,000 హద్దని చెప్పి బిడ్డకు 2 లక్షలా యని సందేహము కలుగును. 2 లక్షల యూనిట్లనగా 60,000 మైక్రోగ్రాములు. దినమునకు 390 చొప్పున లెక్కించినచో సుమారు 150 దినముల గ్రాసము. బిడ్డ కాలేయము దానిని దాచుకొని మెల్లగా వాడుకొనును. ఆరు నెలల గడువునకు అర్థమిదియే. ఆ గడువులో అంగడి నుండి వేఱొక ఎ-విటమిను సిరపు తెచ్చి పోయుట నిండిన గాదెలో మఱల ధాన్యము కుక్కుట. బిడ్డ ఆరోగ్యకార్డును చూపక ఏ బలమందును కొనవలదు. అందఱు పిల్లలకును ఈ పెద్ద మోతాదులు నేడును అవసరమా, లోపమున్న తావులకే పరిమితము చేయుట మేలా యని పోషకాహార శాస్త్రజ్ఞులలో చర్చ నడచుచున్నది; చర్చ తేలువఱకు ఆరోగ్యకార్యకర్త పిలుపును మానుకొనుట మాత్రము తగదు.

చెంచా సంగతి చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. 2001 నవంబరులో అస్సాములో జరిగిన సామూహిక వితరణమున, అలవాటైన 2 మిల్లీలీటర్ల చెంచాకు మాఱుగా 5 మిల్లీలీటర్లు పట్టు గిన్నెలు వాడబడినవి. పలువురు పిల్లలు అస్వస్థులైరి, దేశమంతట వివాదము రేగినది. మందు మంచిదే, కొలత మారినది. వంటింటి చెంచాతో ఈ మందును ఎన్నడును కొలువరాదు.

సందెవేళ బిడ్డ తడుముకొనుచు నడచినను, తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చ కనబడినను, నల్లగ్రుడ్డు మెఱుపు తగ్గి మసకబారినను, వరుసలోని మోతాదునకై వేచియుండరాదు. అది కంటికి గడియలు లెక్కించు వేళ. ఏడాది దాటిన బిడ్డకు వైద్యులు ఆ దినమే 2 లక్షల యూనిట్లు, మఱునాడు మఱియొకటి, రెండు వారములకు ఇంకొకటి ఇత్తురు. తట్టు పోసిన బిడ్డకును ఈ మందు ఇప్పింపవలెను. ఇట్టి స్థితిలో కెరోటిన్ గుళికలు గాని, కారెట్టు రసము గాని, కంటిలో పసరు పోయుట గాని చికిత్స కావు. మఱియొక వైపున, దూరపుచూపు తక్కువైనవారికిని, ముత్యపుపొర వచ్చినవారికిని ఎ-విటమినుతో అద్దములు తొలగవు, పొర కరగదు. ఆ పేర అమ్ము గుళికలకు పెట్టిన సొమ్ము వృథా.

చేపకాలేయపు నూనె మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కాడ్ చేపనూనె దిగుమతి కుంటుపడగా, మద్రాసు ప్రభుత్వము సొరచేప కాలేయములనుండి నూనె తీయించినది. ఇందు ఎ-విటమిను తయారైన రూపమున ఉండును, డి-విటమినును తోడుండును. నేడు "చేపనూనె" యని వేఱొక సరకు విరివిగా అమ్ముచున్నారు. అది చేప మాంసమునుండి తీసిన కొవ్వు, అందు ఎ-విటమిను కలదని నమ్మరాదు. కాలేయము అను మాట అట్టపై ఉన్నదో లేదో చూడవలెను. గర్భవతులకు ఆ మాట ఉన్నది తగదు.

పశువుల మందును గూర్చి యొక్క మాట. వేసవిలో నెలల తరబడి ఎండిన వరిగడ్డియే మేపిన పశువులలో కెరోటిన్ కొఱవడి, కన్నులు నీరు కాఱు దూడలు, సందెవేళ కట్టుకొయ్యలకు గ్రుద్దుకొను దూడలు అగపడును. పచ్చిమేత దొరకని కాలమున పశువైద్యుడు తయారైన ఎ-విటమినును నోటికో సూదికో ఇచ్చుట లాభకరము. వానలు పడి పచ్చిక మొలచిన పిదప పచ్చిమేతయే చాలును. అయితే పశువులకును కోళ్లకును అమ్ము ద్రావణములు మనుష్యుల మోతాదునకు చేసినవి కావు, చాల గాఢమైనవి. "అదే విటమిను, చౌక" అని పిల్లలకు అందులోనుండి చుక్కలు వేయుట ప్రాణాపాయము.

పైన చెప్పిన అవసరములు లేని ఇంటికి మందు ఏ రూపమునను అక్కఱలేదు. మునగాకు, తోటకూర, పాలకూర, పండిన బొప్పాయి, మామిడి, పచ్చగుమ్మడి, ఎఱ్ఱగుజ్జు గల చిలగడదుంప మన దొడ్డిలో పండునవే. పండ్రెండింట నొకటి అను లెక్క చూచి నిరుత్సాహపడనక్కఱలేదు. పప్పుతో ఉడికించి నూనెతోనో నేతితోనో పోపు పెట్టిన కూరనుండి కెరోటిన్ బాగుగా వంటబట్టును. నూనె చుక్కయైన లేక ఉడికించినది అంతగా పట్టదు. ఆకును ఎఱ్ఱని ఎండలో ఎండబెట్టినచో కెరోటిన్ చాలవఱకు నశించును. మునగాకు పొడి చేసికొనువారు నీడనే ఆరబెట్టవలెను. గ్రుడ్డు, పాలు, నేయి తయారైన రూపమును మితముగా ఇచ్చును.

పామాయిలు తోటల రైతులకు తమ సరకులోని విశేషము తెలిసియుండుట న్యాయము. గెలనుండి తీసిన ముడినూనెలో కిలోకు సుమారు 500 నుండి 700 మిల్లీగ్రాముల కెరోటిన్‌జాతి పదార్థములు ఉండును. ఆ యెఱ్ఱదనము అదియే. అంగడిలోని లేతపసుపు నూనెకు శుద్ధి చేయునప్పుడు ఆ రంగుతోపాటు కెరోటిన్ కూడ పోవును. మృదువుగా శుద్ధిచేసి రంగును నిలిపిన ఎఱ్ఱ పామాయిలు వేఱుగా అమ్ముదురు; ఇంటివాడుకకు అది మంచిదే. మిల్లు ముడినూనెను మాత్రము తెచ్చి తినరాదు. ఏలూరు జిల్లా పెదవేగిలో 1995లో వెలసిన పామాయిలు పరిశోధన కేంద్రము ఈ పంటకు దేశమునకే ముఖ్యస్థానము. మన జిల్లాల రైతులకు అది దగ్గఱనే యుండుట మేలైనది.

ఇప్పుడు అంగడి నూనెలలో ఎ-విటమినును కలిపి అమ్ముటయు కలదు. కూడిక గుర్తుతో ఎఫ్ అక్షరము వేసిన పొట్లములు అట్టివి. నూనెలో గ్రాముకు 6 నుండి 9.9 మైక్రోగ్రాములు, పాలలో లీటరుకు 270 నుండి 450 మైక్రోగ్రాములు ఉండవలెనని నియమము. దినమునకు 30 గ్రాముల నూనె వాడువానికి దీనివలననే 180 మైక్రోగ్రాములకు తక్కువ కాకుండ చేరును. మందు కొనుటకు ముందు దీనిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

వైద్యుని మాటపై మందు కొన్నవారు చీకటివన్నె గాజుసీసాలో నున్నదానినే కొని, మూత బిగించి, పొయ్యికిని కిటికీకిని దూరముగా ఉంచవలెను. వెలుతురు సోకినను, గాలి తగిలినను దాని బలము తగ్గును. మూత తీసిన తేదీని సీసాపై వ్రాసికొనుట, గడువు దాటినదానిని పాఱవేయుట, సీసాతో వచ్చిన కొలచెంచాను దానికే కట్టియుంచుట మంచి అలవాట్లు. తియ్యని గుళికలను మిఠాయి యని పిల్లలు గుప్పెడు తిన్న సందర్భములు కలవు. కావున సీసా ఉట్టిమీదనో, తాళము వేసిన పెట్టెలోనో ఉండవలెను.